పదుగురి సొమ్మునకు పెత్తనము

ఇల్లు నడపనేర్చిన స్త్రీకి కంపెనీ నడుపుట యొక లెక్కయా యని పెద్దలు తఱచుగా ననుచుందురు. పొదుపు, ఓర్పు, ఉన్నదానితో సరిపుచ్చుట, పదిమందికి వండి వడ్డించుట, ఇవి యన్నియు మనకు పుట్టినింటనే యబ్బిన విద్యలు గదా, వ్యాపారమునకు వీనికంటె వేఱేమి కావలయునని వారి యభిప్రాయము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని యది సగము సత్యము మాత్రమే యని మూడేండ్లుగా నొక చిన్న కంపెనీకి అధ్యక్షత వహించి మేము గ్రహించితిమి. ఆ తక్కిన సగ మేమో మన సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. తాతగారి సన్నిధిని శబ్దమంజరి, అమరము, ఆంధ్రమహాభారతము, కొన్ని కావ్యములు చదువుకొని, తరువాత నొక బడిపంతులుగారి యిల్లాలమై యీ యూరు చేరితిమి. ఇది కృష్ణా డెల్టాలోని పల్లె. ఇచ్చట వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుదురు. వరి యిల్లు చేరిన పిదప నేలలో మిగిలిన చెమ్మతోను, రాత్రివేళ కురియు మంచుతోను మినుపచేను పెరిగి, వేసవి తొలినాళ్లకు పంట చేతికి వచ్చును. అందుచేత అప్పడములు, వడియములు మా ప్రాంతమున ప్రతి యింటను వేసవి పని. చాలకాలము పట్టణపు వర్తకు డొకడు మా యాడవారికి పిండి యిచ్చి, అప్పడములు పుచ్చుకొని, నూటి కింతయని తానే ధర కట్టి యిచ్చుచుండెను. ధర యెందు కింతయని యడిగినవారికి మఱునాడు పిండి యుండెడిది కాదు.

1982లో డ్వాక్రా పథక మారంభమైన తరువాత తెలుగు పల్లెలలో స్త్రీల పొదుపు సంఘములు వెలసిన సంగతి మీరందఱు నెఱుగుదురు. ఆ పథకము 1999లో వేఱొక పథకమున కలిసిపోయినను డ్వాక్రా యను పేరు మాత్రము మనవారి నోట నిలిచిపోయినది. అట్టి సంఘములలో నెలనెల పొదుపు చేయుట, అప్పు పుచ్చుకొని తీర్చుట నేర్చిన స్త్రీలు 94 మంది మా యూరినుండియు, ప్రక్కనున్న రెండూళ్లనుండియు కలిసి, మన పిండి మనమే కొందము, మన సరకు మనమే యమ్ముకొందమని మూడేండ్ల క్రింద నొక కంపెనీగా నేర్పడిరి.

ఇట్టి కంపెనీలకు చట్టమున ప్రత్యేకమైన స్థానము కలదు. 2002 నాటి సవరణచే కంపెనీల చట్టమున ఉత్పత్తిదారుల కంపెనీ యను క్రొత్త తరగతి చేరినది. 1956 నాటి చట్టము పోయి 2013 నాటి చట్టము వచ్చిన తరువాత, 2020 సవరణచే ఆ యధ్యాయము క్రొత్త చట్టమునను చోటు చేసికొన్నది. పంట పండించువారును, చేనేత, హస్తకళలు, కుటీర పరిశ్రమలవారును పదిమందియైనను కలిసిన నిట్టి కంపెనీని పెట్టుకొనవచ్చును. ఐదుగురికి తక్కువగాక, పదునైదుగురికి మించక డైరెక్టర్లుండవలయును. వారు మూడు నెలల కొక్కసారియైనను సమావేశము కావలయును. అన్నిటికంటె మాకు నచ్చిన నియమ మొకటి కలదు. ఎవరికెన్ని వాటాలున్నను ఒక్కొక్కరి కొక్కటే యోటు. నూఱు రూపాయల వాటా గల కూలిస్త్రీ మాటయు, పదివేల వాటా గల మోతుబరి యిల్లాలి మాటయు సమానమే.

మమ్ము అధ్యక్షురాలిగా నెన్నుకొనుటకు మాకున్న యోగ్యత స్వల్పము. ఆ పదవి కోరిన సమర్థులిద్దఱుండిరి. ఒకరిని పెట్టిన రెండవవారి యూరు దూరమగును. ఏ పక్షమునకును చెందనివారమని డైరెక్టర్లు మమ్ము కూర్చుండబెట్టిరి. కూర్చుండిన పిమ్మట, మేము చదివిన గ్రంథములలో నీ పనికి పనికివచ్చునది యేమున్నదా యని వెదకికొంటిమి.

అరణ్యపర్వమున ద్రౌపదీ సత్యభామల సంవాదము మీలో ననేకులు చదివియుందురు. పాండవుల బొక్కసమునకు వచ్చెడి దెంత, పోయెడి దెంత, ఆ యాయవ్యయము లన్నియు తా నొక్కతెయే యెఱుగుదునని ద్రౌపది యందు చెప్పును. గృహిణికి దానిని మించిన ప్రశంస లేదని చిన్ననాటినుండియు వినుచు వచ్చితిమి. మన యిండ్లలో నేటికిని ఉత్తమురాలైన యిల్లాలనగా నెవరు? డబ్బాలో బియ్యము నిండుకొన్న సంగతి యింటివారికి తెలియనీయక, అరువో బదులో తెచ్చి, చిరునవ్వుతో విస్తరి వేసెడి యామె. కొఱతను తా నొక్కతెయే మోయుట గృహధర్మము. ఐతే కంపెనీలో నిదే గుణము విషమగునని మేము నేర్చుకొంటిమి. అచ్చటి సొమ్ము మనది కాదు. దాని యాయవ్యయములు ఒక్కతెకే తెలిసియుండుట ప్రశంస కాదు, ప్రమాదము. అందఱికి తెలిసియుండుటయే యధ్యక్షురాలి నేర్పు. మాకు కలిగిన పాఠములన్నియు నీ యొక్క మాటకు శాఖలే.

మొదటి పాఠము తూకము దగ్గఱ కలిగినది. మా పని తీరు చెప్పవలయును. ఉప్పు, మిరియము, జీలకఱ్ఱ, క్షారము చేర్చి కలిపి దంచిన మినపపిండి ముద్దను ఉదయముననే తూచి యిచ్చెదము. సభ్యురాండ్రు ఇండ్లకు గొనిపోయి, ఒత్తి, ఆరబెట్టి, మఱునాడు తెచ్చి యప్పగింతురు. ఆఱక చెమ్మ మిగిలిన అప్పడము చూచుటకు బాగుగనే యుండును, తూకమునకును మొగ్గును. కాని పొట్లములో కట్టిన మూడవ వారమునకు బూజు పట్టును. ఒక్క పొట్లమున బూజు కనబడెనా, దుకాణదారు పెట్టె కంతకు వంకపెట్టి త్రిప్పి పంపును. ఒక యింటి చెమ్మ తొంబదినాలుగు కుటుంబముల కూడు చెఱచునన్నమాట.

ఒకనాడు మా పెద్దవదినగారు, అనగా మా యింటివారి యప్పగారు, తెచ్చిన బుట్టలో మూడవవంతు చెమ్మగా నుండెను. పరీక్షించుచున్న యామె మా మొగము చూచెను. చుట్టునున్న యిరువదిమంది యును చూచిరి. ఇంటిలోనైన పెద్దవారి చేతి వంట నెవరు వంకపెట్టుదురు? మేము బుట్ట తీసి ప్రక్కన పెట్టి, మరల ఆరబెట్టి తెండని నమస్కరించి చెప్పితిమి. "నా చేతి అప్పడాలకే వంక పెట్టేదానివయ్యావా, అమ్మాయీ!" అని యామె వెడలిపోయెను. ఆ తరువాత నెల దినములు మా గడప త్రొక్కలేదు. శ్రావణ శుక్రవారమునాడు మేమే పండు తాంబూలములతో వెళ్లి పాదములకు నమస్కరించి వచ్చితిమి. బుట్ట గుఱించి యామెయు నెత్తలేదు, మేమును ఎత్తలేదు.

అటుపిమ్మట నిట్టి సంకట మెవరికిని కలుగకుండ నొక యేర్పాటు చేసితిమి. ప్రతి బుట్టకును పేరునకు బదులు సంఖ్య వ్రాసిన బిళ్ల కట్టింతుము. తెచ్చినవా రెవరో పరీక్షించు నామెకు తెలియదు. పరీక్షించు నామెయు వారమున కొకతె చొప్పున మాఱుచుండును. తన బుట్టను ఒకనాడు వేఱొకతె చూచును, మఱియొక వారము ఆమె బుట్టను తాను చూచును గనుక, ఎవరికిని మఱీ మెత్తదనము గాని మఱీ కాఠిన్యము గాని తగదని తామే తెలిసికొనిరి. ఇంట అనురాగమునుబట్టి పంచుకొందుము. రోగికి పాలెక్కువ, పసివానికి వెన్న యెక్కువ, అదియే న్యాయము. కంపెనీలో నొకరికి మనము చూపు దయ యింకొకరి సొమ్ముతో చూపు దయ. అది తెలిసిన పిదప కఠినముగా నుండుట యంత కష్టము కాలేదు.

రెండవ పాఠము సభలలో మాటలాడుటను గుఱించినది. మొదటి సమావేశములలో మేమొక సంగతి చెప్పి, మీరేమందురని యడిగిన, అందఱును "తమరు చెప్పిందే బాగుంది, పంతులమ్మగారూ" అనుచుండిరి. ఇది గౌరవమని సంతోషింపవచ్చును. కాని మా యింటివారితో నీ సంగతి ముచ్చటింపగా వారొక మాటనిరి: "ప్రశ్న వేసి తానే జవాబు చెప్పే పంతులు దగ్గఱ పిల్లలు నోరు విప్పరు. అడిగి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దం పంతులుకే కష్టం." నాటినుండి మా యభిప్రాయము చివరనే చెప్పుట యలవాటు చేసికొంటిమి. వయస్సున చిన్నవారు మొదట, పెద్దలు పిదప, అధ్యక్షురాలు తుట్టతుదను. కుర్చీలు తీసివేసి అందఱము చాపలమీదనే కూర్చుండితిమి. సభ్యురాండ్రలో చదువురానివారు ముప్పదిమందికి పైగా నున్నారు. కావున ప్రతి నెల జమాఖర్చులు బల్లమీద పెట్టి చూచుకొండని చెప్పుటతో సరిపెట్టక, ఒక్కొక్క పద్దును బిగ్గరగా చదివి వినిపించుట యాచారమైనది. మినుముల కింత, నూనె కింత, పొట్లముల కాగితమున కింత, ఆటో బాడుగ కింత. తొలి రెండు నెలలు ఆవులించినవారే మూడవ నెలలో "బాడుగ క్రిందటి నెలకంటె పెరిగిందేమమ్మా?" అని యడుగసాగిరి. చదువు రానివారికి లెక్కలు రావని తలచుట పొరపాటని వారే నిరూపించిరి. నోటిలెక్కలో వారిముందు మేము నిలువజాలము.

మూడవ పాఠము మనకంటె చిన్నవారివలన నేర్చుకొనుట. ఇట్టి కంపెనీకి పూర్తికాలము పనిచేయు ముఖ్య కార్యనిర్వహణాధికారి యుండవలయుననియు, ఆ వ్యక్తి సభ్యులలోనివారు కారాదనియు చట్టము. బి.కాం. చదివిన యిరువదినాలుగేండ్ల యువతి నొకతెను నెలకు 15,000 రూపాయల జీతముపై నియమించితిమి. ఎండలో అప్పడములొత్తు మనకు రోజుకు నూటయేబది రాకపోగా, నీడను కూర్చుండి వ్రాసెడి పిల్లకు పదునైదువేలా యని గుసగుసలు బయలుదేఱినవి. ఆ గుసగుసలలో న్యాయము లేకపోలేదు. అందుచేత మేమామెనే సభలో నిలిపి, తన పని యేమో సభ్యురాండ్రకు స్వయముగా చెప్పుమంటిమి.

ఆ పిల్ల చెప్పినది విని మేమే విస్తుపోతిమి. 2017లో వచ్చిన వస్తుసేవల పన్నులో అప్పడములకు పన్ను లేదు, ఊరగాయలకు కలదు. రెండును ఒకే పెట్టెలో పంపినను బిల్లులో వేఱువేఱుగా చూపవలయును. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి అనుమతి పొందనిదే పొట్లము దుకాణమున కెక్కరాదు. పొట్లముపై తయారుచేసిన తేది, తూకము, చేర్చిన దినుసులు ముద్రింపవలయును. చిన్న పరిశ్రమగా ప్రభుత్వమువారి ఉద్యమ్ పట్టికలో పేరు నమోదు చేయించుకొన్న, కొన్నవారు బాకీ యెగవేయకుండ చట్టము రక్షణ కలదు. ఇవి యన్నియు మొదటి రెండు నెలలలోనే ఆమె పూర్తిచేసియుండెను. భారతమున పదునెనిమిది పర్వములు తిరుగవేసినను మాకు బిల్లు వ్రాయుట రాదు. ఆమెకు భారతము రాదు. ఆమెను లెక్క చెప్పుమని మేము, మమ్ము కథ చెప్పుమని ఆమె. ఎవరి విద్య వారిదని గ్రహించిన చోట పెద్దఱికమునకు లోపము రాదు. చిన్నవారు తమకు తెలిసినది నిర్భయముగా చెప్పగల చోటనే పెద్దఱికము నిలుచును.

ఇక నాలుగవ పాఠము. ఇది కొంచెము కష్టమైనది. రెండవ యేట ఉగాదికి ముందు నగరములోని యొక పెద్ద దుకాణమువారు 1,86,400 రూపాయల సరకు కోరిరి. ముప్పది దినములలో సొమ్ము చెల్లింతుమని వ్రాసి యిచ్చిరి. అంతటి బేరము మాకదివఱకు రాలేదు. డైరెక్టర్లందఱు నాలోచించి యొప్పుకొంటిమి. సభ్యురాండ్రు పగలు రాత్రి యొత్తి సకాలమున పంపిరి. ముప్పది దినములు గడచెను. నలుబదియైదును గడచెను. సొమ్ము రాలేదు. ఫోను చేసిన, లెక్కల గుమస్తా సెలవులో నున్నాడనిరి.

మా కంపెనీలో మజూరీ ప్రతి శనివారము నాడు చెల్లించుట నియమము. ఒక శనివారము ఆగిపోయెను, రెండవది దగ్గఱపడుచుండెను. అరువది ముగ్గురు స్త్రీలకు రావలసినది 78,600 రూపాయలు. మినుముల కియ్యవలసినది తీసివేయగా బ్యాంకులో మిగిలినది 42,200. ఐదుగురు డైరెక్టర్లము కూర్చుంటిమి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఊరిలో సొమ్ము దొరకును, తెచ్చి యిచ్చివేసి, ఎవరికిని చెప్పనక్కఱలేదని ఒకరనిరి. బ్యాంకు యంత్రము చెడిపోయినదని చెప్పిన వారము దినములు గడువు దొరకునని మఱియొకరనిరి. తక్కిన యిద్దఱు, ఉన్నమాట చెప్పుటయే మేలనిరి. మా మాట యెటుపడిన నటు తీర్మానము.

చెప్పకుండుటకు బలమైన కారణము లేకపోలేదు. పాత వర్తకుడు మా పతన మెప్పుడా యని కాచుకొనియుండెను. అతడు తక్కువ యిచ్చినను రొక్క మిచ్చును. కంపెనీలో సొమ్ము లేదన్న మాట వెలువడినచో, సగముమంది మఱునాడే అతని గుమ్మము త్రొక్కవచ్చును. రెండేండ్ల ప్రయాస యొక్క సాయంత్రమున కూలిపోవచ్చును. పైగా, కొఱతను దాచి కడుపు నింపుట మాకు పుట్టినింటినుండి వచ్చిన విద్య. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును వరుసగా ప్రశ్నలడుగు ఘట్టము జ్ఞప్తికి వచ్చినది. ఆ ప్రశ్నలలో నొకటి, సేనకు కూడును జీతమును తగిన వేళకు ఆలస్యము లేక యిచ్చుచున్నావా యని. అంతటి చక్రవర్తి నడిగినది గొప్ప గొప్ప యజ్ఞములను గుఱించి మాత్రమే కాదు, జీతములను గుఱించి కూడ. దానికి మన సమాధాన మేమి? ఇచ్చుటలేదు. ఇయ్యలేని స్థితి. ఐనప్పుడు ఆ మాట వినుటకు మొదటి హక్కు ఎవరిది? ఆ సొమ్ము రావలసినవారిది. తెల్లవారిన తరువాత మా మాట చెప్పుటవైపే వేసితిమి.

శుక్రవారము సాయంత్రము బడి వసారాలో సభ జరిగెను. బేరమెంత, బాకీ యెంత, బ్యాంకులో నున్న దెంత, ఇయ్యవలసిన దెంత, నాలుగు సంఖ్యలును నల్లబల్లమీద వ్రాసి చదివి వినిపించితిమి. కొంతసేపు ఎవరును పలుకలేదు. తరువాత కేకలు బయలుదేఱినవి. నగలు కుదువపెట్టినామని యొకరు, పిల్ల ఫీజు కట్టవలెనని యొకరు, ఇంతకంటె ఆ వర్తకుడే నయమని యొకరు. మేము బదులు చెప్పక వినుచు కూర్చుంటిమి. అంతలో వెనుక వరుసనుండి, రెండేండ్లలో నెన్నడును నోరు విప్పని యొక వితంతువు లేచి నిలుచుండెను. చదువు లేదు, ఒత్తుటలో నామె చేయి అందఱికంటె వడి. ఆమె యిట్లనెను:

"అమ్మగారూ, నాకు రావలసింది రెండువేల మూడొందలు. నేను పదిరోజులు ఆగగలను. నా పక్కనున్న పిల్లకి రావలసింది ఎనిమిదొందలే, కాని దానికి రేపు మందులు కొనాలి. చిన్న లెక్కలవాళ్ళకి ముందు మొత్తం ఇచ్చెయ్యండి. మిగిలింది మేం పంచుకుంటాం."

మా యువతి వెంటనే లెక్క కట్టెను. వేయి రూపాయలకు లోపుగా రావలసినవారు 38 మంది. వారి మొత్తము 26,600. అది పోగా మిగులునది 15,600. వేయికి పైబడినవారు 25 మంది. వారికి రావలసినది 52,000. అనగా వారికి రూపాయికి ముప్పది పైసల వంతున వచ్చును. చేతులెత్తుమనగా రెండు మూడు తప్ప అన్నియు లేచినవి. ఆ రాత్రియే యందఱికి పంచి, వ్రేలిముద్రలు, చేవ్రాళ్లు పుచ్చుకొని ఇండ్లకు పంపితిమి. ఐదుగురము ఒక రాత్రి యంత యాలోచించినను మాకు తోచని మార్గమది. తోచకపోవుట వింత కాదు. ఎవరికి మందు కావలయునో, ఎవ రాగగలరో మాకెట్లు తెలియును? ఆ జ్ఞానము అఱువది ముగ్గురిలోను చెల్లాచెదరుగా నున్నది. సంఖ్యలు వారి ముందు పెట్టిననే అది బయటికి వచ్చెను.

మఱునాడు ఆ దుకాణమువారికి లేఖ వ్రాసితిమి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, అట్టి పరిశ్రమలలో సూక్ష్మ, చిన్న తరగతులవారివద్ద కొన్న సరకునకు ఒప్పుకొన్న గడువులోను, ఎట్లును 45 దినములకు మించకయు సొమ్ము చెల్లింపవలయును. మించిన యెడల రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్లు చొప్పున, నెల కొకసారి యసలులో కలియు చక్రవడ్డీ పడును. బాకీ తీర్చనిచో రాష్ట్రములోని ఫెసిలిటేషన్ కౌన్సిలునకు విన్నవింపవచ్చును. ఈ సంగతులన్నియు మా యువతి లేఖలో పొందుపఱచినది. పందొమ్మిదవ నాడు అసలు సొమ్ము బ్యాంకులో పడెను. ఆ సాయంత్రమే మిగిలిన 36,400 రూపాయలును ఇరువదియైదుగురికి చెల్లించితిమి. వడ్డీకై వ్యవహరించిన ఫలముకంటె తిరుగుడే యెక్కువయని బోర్డువారు విరమించిరి. ఆ దుకాణమునకు మాత్రము నాటినుండి అరువు లేదు.

నష్టము లేకపోలేదు. సభ జరిగిన వారములో నలుగురు స్త్రీలు పాత వర్తకునికడకు పోయిరి. వానకాలము గడచిన పిదప ఇద్దఱు తిరిగి వచ్చిరి, ఇద్దఱు రాలేదు. రానివారిని మేము నిందింపము. పూటకు పూట గడుపుకొనువారికి రొక్కమే ధర్మశాస్త్రము. కాని నిలిచిన తొంబదిమందియు మునుపటివారు కారు. కంపెనీ పంతులమ్మగారిదని యదివఱకు ననుచుండినవారు, నాటినుండి మాది యనసాగిరి.

బొంబాయిలోని గిర్గావునందు 1959 మార్చి 15వ తేదీన ఏడుగురు గుజరాతీ స్త్రీలు ఎనుబది రూపాయల యప్పుతో అప్పడముల పని ఆరంభించిరి. అదియే నేడు దేశమంతట పేరొందిన లిజ్జత్ సంస్థ. ఆ యేడుగురిలో నొకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుద మిచ్చిరి. అందలి సభ్యురాండ్రు ఒకరినొకరు సోదరి యని పిలుచుకొందురు. లాభనష్టములు రెంటిని అందఱు పంచుకొందురు. లాభము పంచుకొను సంఘములు చాల గలవు. నష్టమును కూడ పంచుకొనుటలోనే సంఘబల మున్నదని ఆ శుక్రవారము తరువాత మాకును తెలిసినది.

ఈ యనుభవముతో రెండు కట్టుబాట్లు చేసికొన్నాము. బ్యాంకులో నున్న సొమ్ముతో స్త్రీల మజూరీ యొక నెల చెల్లింపగలిగినంత మేరకే అరువు బేరము చేయవలయును. ప్రతి యేటి మిగులులో కొంత నిధిగా వేఱుంచవలయును. ఉత్పత్తిదారుల కంపెనీకి సాధారణనిధి యుండవలయునని చట్టమును చెప్పుచున్నది. మన యిండ్లలో పోపుల డబ్బాలో దాచెడి నాలుగు రూకలకును దీనికిని భేద మొక్కటే. పోపుల డబ్బా సంగతి యిల్లాలి కొక్కతెకే తెలియును, ఈ నిధి సంగతి తొంబదిమందికి తెలియును.

మీలో ననేకులు సంఘములకు, కంపెనీలకు పెద్దలుగా నేడో రేపో కూర్చుండవలసినవారే. పెద్ద కంపెనీల బోర్డులలో నొక స్త్రీయైన నుండవలయునని 2013 నాటి చట్టము కొన్ని తరగతులకు విధించినది. స్థానములు వచ్చుచున్నవి. వానిలో కూర్చున్ననాడు మన యింటి విద్యలలో నేది వెంట గొనిపోవలయునో, ఏది గుమ్మము దగ్గఱనే విడువవలయునో యెఱిగియుండుట మేలు. పొదుపు వెంట రావలయును. ఓర్పు వెంట రావలయును. వేళకు వడ్డించుట తప్పక వెంట రావలయును. కొఱతను కొంగున ముడివేసి దాచుకొను గుణమును మాత్రము ఇంటనే యుంచుడు.

డైరెక్టరు పదవి యేడాదికి తక్కువగాక, ఐదేండ్లకు మించక యుండవలయునని నియమము. మా గడు వింకను రెండేండ్లున్నది. నెల కొకసారి జమాఖర్చు చదువు పని నిప్పుడు మేము చేయుట లేదు. ఆ వెనుక వరుస వితంతువు కూతురు, తొమ్మిదవ తరగతి బాలిక, తల్లి ప్రక్కన కూర్చుండి పద్దు లొక్కొక్కటిగా బిగ్గరగా చదువుచున్నది. తప్పు చదివిన, తల్లియే దిద్దుచున్నది.